ఇల్లు కట్టినప్పటి ట్రాక్టర్ ఇప్పుడు సరిపోతుందా?

ప్రశ్న: ఎనిమిదేళ్ల కిందట 5 ఎకరాల స్థలం కొనుక్కుని అందులో ఇల్లు కట్టుకున్నాం. ఆ పనుల కోసమే ముందు లోడర్ (మట్టి ఎత్తే బకెట్, దాని చేతులు) ఉన్న 25 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ కొన్నాను. ఫోర్ వీల్ డ్రైవ్, మామూలు గేర్ల బండి. మొదటి మూడేళ్లు మట్టి, కంకర, తుప్పలు, కంచె గుంతలు, అన్నీ దాంతోనే చేశాను. ఇప్పుడు ఎక్కువగా గడ్డి కోయడమే. ఈమధ్య పడిపోయిన చెట్ల మొద్దులు ఎత్తబోతే వెనక చక్రాలు గాల్లోకి లేస్తున్నాయి. పక్క స్థలం ఆయన 45 హెచ్‌పీ బండి తీసుకున్నాడు, నన్నూ అదే తీసుకోమంటున్నాడు. మా ఆవిడేమో ఉన్నదాన్ని కూడా అమ్మేసి, పని పడినప్పుడు అద్దెకి పిలిపించుకుందాం అంటోంది. నాకు 59 ఏళ్లు. ఎడమ మోకాలు సహకరించడం లేదు. ఈసారి కొన్నది ఇక మార్చకూడదు అనుకుంటున్నాను. ఏది తీసుకోమంటారు? నా దగ్గరున్న రోటవేటర్, స్లాషర్, లెవెల్ బ్లేడు కొత్త బండికి పనికొస్తాయా?

సమాధానం: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సమస్యలు కలిసిపోయాయి: చక్రాలు లేవడం, మోకాలు నొప్పి, పక్కాయన బండి. మొదటి రెండింటికీ 45 హెచ్‌పీ మందు కాదు. మూడోదానికి నా దగ్గర మందు లేదు.

ముందు చక్రాల సంగతి చూద్దాం, ఎందుకంటే అది ప్రమాదకరమైనది, రేపే సరిచేసుకోగలిగినది కూడా. లోడర్ ఎంత బరువు లేపగలదన్నది హైడ్రాలిక్ పంపు ప్రెషర్ మీద, సిలిండర్ల సైజు మీద ఆధారపడి ఉంటుంది. ఇంజన్ హెచ్‌పీకి అందులో పాత్ర తక్కువ. మీ బండి హైడ్రాలిక్స్ ఆ మొద్దును లేపగలుగుతున్నాయి కాబట్టే వెనక చక్రాలు లేస్తున్నాయి. అంటే చాలనిది బలం కాదు, వెనక బరువు. ముందు ఇరుసు ఆనుడుగా బండి మొత్తం ముందుకు తూగుతోంది. అదే తప్పు చేస్తే 45 హెచ్‌పీ బండి వెనక చక్రాలూ లేస్తాయి. కాకపోతే ఇంకాస్త పెద్ద మొద్దుతో, ఇంకాస్త ఎత్తు నుంచి పడతారు.

చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక ఇరుసుకే ఉంటాయి. వెనక చక్రాలకి నేల మీద పట్టు లేనప్పుడు బ్రేకు తొక్కినా బండి ఆగదు. వాలులో బకెట్ నిండా బరువుతో, ఫోర్ వీల్ డ్రైవ్ వేయకుండా దిగుతూ ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంటే వెనకా ముందూ ఇరుసులు కలిసి ఉంటాయి కాబట్టి ముందు చక్రాలు కూడా బండిని పట్టి ఉంచుతాయి. అందుకే బరువుతో వాలు దిగేటప్పుడు ఫోర్ వీల్ వేసి, చిన్న గేరులో, బకెట్‌ని నేలకి జానెడు ఎత్తులో ఉంచి దిగాలి. ఇది మీకు తెలిసే ఉండొచ్చు. తెలిసినా చేయని వాళ్లే ఎక్కువ.

ఇక వెనక బరువు ఎలా పెట్టాలి? వెనక టైర్లలో నీళ్లు నింపడం ఒక పద్ధతి. వాల్వ్‌ని పైకి తిప్పి ఉంచి ఆ మట్టం దాకా నింపితే టైరు ముప్పావు వంతు నిండుతుంది. బండి నిలకడ బాగా పెరుగుతుంది. అయితే ఈ నీళ్ల బరువు నేరుగా ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి ముందు ఇరుసు మీద పడే భారం ఏమీ తగ్గదు. ముందు ఇరుసుకి ఉపశమనం కావాలంటే బరువు వెనక ఇరుసుకి అవతల, అంటే పనిముట్లు తగిలించే వెనక లిఫ్ట్ మీద వేలాడాలి. కాంక్రీటు పోసిన దిమ్మ కావచ్చు, రాళ్లు నింపిన ఇనప పెట్టె కావచ్చు, మీ రోటవేటర్‌నే తగిలించి కాస్త లేపి ఉంచొచ్చు. ఎంత బరువు పెట్టాలో మీ బండి మాన్యువల్‌లో లోడర్ పేజీలో రాసి ఉంటుంది. మరో మాట: చలి ప్రదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కొందరు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. ట్యూబ్ ఎక్కడైనా కారితే అది రిమ్ములని తినేస్తుంది.

మొద్దుల విషయంలో కాస్త లెక్క కూడా వేసుకోండి. పచ్చి కలప చాలా రకాల్లో ఘనపు మీటరుకి 900 నుంచి 1000 కిలోల దాకా తూగుతుంది. 50 సెంటీమీటర్ల మందం, 2 మీటర్ల పొడవు ఉన్న మొద్దు ఇంచుమించు 350 నుంచి 400 కిలోలు. 25 హెచ్‌పీ తరగతి బండ్లలో చాలావాటి లోడర్‌కి అది హద్దు, లేదా హద్దు దాటినట్టే. పైగా బ్రోచర్‌లో వేసే లోడర్ సామర్థ్యం బకెట్ తగిలించే పిన్నుల దగ్గర కొలిచింది. మొద్దు దానికి అరమీటరు ముందు ఉంటుంది. బకెట్ సొంత బరువు కూడా అందులోంచే పోతుంది. కొందరు నేల మీద నుంచి కదిలించగల బరువుని పెద్దక్షరాల్లో వేసి, పూర్తి ఎత్తుకి లేపగల బరువుని కింద చిన్నగా వేస్తారు. రెండు బండ్లు పోల్చేటప్పుడు ఒకే కొలతలు పోల్చుతున్నామా అన్నది చూసుకోండి. మొద్దుని మీటరు ముక్కలుగా కోసేస్తే ఈ గొడవంతా ఉండదు. రంపానికి ఇంకో నాలుగు నిమిషాల పని, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంటి చుట్టూ కొద్దిపాటి స్థలం ఉన్నవాళ్లకి ట్రాక్టర్ అవసరం ఒకేలా ఉండదు. స్థలం కొత్తగా ఉన్నప్పుడు అంతా మట్టి మోసే పని. పునాది తవ్విన మట్టి సర్దాలి, గేటు నుంచి ఇంటిదాకా కంకర పరవాలి, తుప్పలు పీకాలి. అప్పుడు లోడరే బండి, మిగతాదంతా దానికి తోక. తర్వాత మొక్కలు నాటడం, తోట దున్నడం, కంచె వేయడం వస్తాయి. అప్పుడు పీటీవో (ఇంజన్ బలంతో వెనక పనిముట్లని తిప్పే షాఫ్ట్), లిఫ్ట్ ముఖ్యమవుతాయి. ఆ తర్వాత చెట్లు ఎదిగి, దారి గట్టిపడి, స్థలం ఒక రూపానికి వచ్చాక మిగిలేది నిర్వహణ. గడ్డి కోయడం, గాలికి విరిగిన కొమ్మలు లాగడం, దారిలో పడ్డ గుంతలు పూడ్చడం. మీరు ఇప్పుడు ఈ మూడో దశలో ఉన్నారు. కానీ బండి కొనడం గురించి మొదటి దశలో ఉన్నట్టు ఆలోచిస్తున్నారు. పక్కాయన కొత్తగా స్థలం చదును చేసుకుంటూ ఉంటే ఆయనకి 45 హెచ్‌పీ సరైనదే కావొచ్చు. మీరిద్దరూ ఒకే కంచెకి అటూ ఇటూ ఉన్నా ఒకే దశలో లేరు.

అందుకని 'ఇక మార్చకూడని బండి' కోసం వెతకొద్దని నా సలహా. వచ్చే ఐదారేళ్లలో మీరు ఏ పని ఎక్కువ చేస్తారో దానికి కొనండి. చిన్న డీజిల్ ట్రాక్టర్‌ని సరిగ్గా చూసుకుంటే కొన్ని వేల గంటలు నడుస్తుంది. ఏడాదికి వంద గంటల లోపు వాడే ఇంటివాళ్ల చేతిలో అది అరిగిపోవడానికి చాలా ముందే వాళ్ల అవసరం మారిపోతుంది. ఎనిమిదేళ్లకి మీ బండి గంటల మీటరు ఎంత చూపిస్తోందో రాయలేదు. అది ముందు చూడండి. మీటర్ చూశాక ఇంకో పని: ఒక ఏడాది పాటు, బండి స్టార్ట్ చేసినప్పుడల్లా ఏ పనికో, ఎంతసేపో షెడ్డు గోడ మీద సుద్దతో రాయండి. పాత జ్ఞాపకాలతో లెక్క వేయకండి. మొద్దు ఎత్తిన రోజు బాగా గుర్తుంటుంది, గడ్డి కోసిన ముప్ఫై రోజులు ఒక్కటీ గుర్తుండవు.

పెద్ద బండి తీసుకుంటే గడ్డి త్వరగా అయిపోతుంది కదా అంటారు. ఎంత త్వరగానో చూద్దాం. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో మీటరున్నర వెడల్పు కోతయంత్రం లాగితే, మలుపులకీ, ఒకదాని మీద ఒకటి పడే అంచులకీ ఐదో వంతు తీసేసినా గంటకి దాదాపు ఎకరంన్నర కోస్తుంది. పెద్ద బండికి 2.1 మీటర్ల కోతయంత్రం తగిలిస్తే అదే వేగంలో గంటకి 2 ఎకరాలు. మీ 5 ఎకరాల్లో ఇల్లు, దారి, చెట్లు పోగా 3 ఎకరాల గడ్డి ఉందనుకుందాం. 2 గంటల పని గంటన్నర లోపు అవుతుంది. మిగిలేది అరగంట చిల్లర. అదీ ఖాళీ మైదానంలో. మీ స్థలంలో ఎనిమిదేళ్ల చెట్లున్నాయి. వాటి మధ్య పెద్ద బండి తిప్పడానికి చోటు చాలక మిగిలినది చేత్తో కోయాల్సి వస్తే ఆ అరగంట కూడా మిగలదు.

బరువు ఇంకో సమస్య. 45 హెచ్‌పీ తరగతి బండి లోడర్‌తో కలిపి రెండు టన్నులకి అటూ ఇటూగా ఉంటుంది. మీ దానికి ఇంచుమించు రెట్టింపు. మట్టి మోసేటప్పుడు ఆ బరువు వరం. తడి నేల మీద గడ్డి కోసేటప్పుడు అదే బరువు చాళ్లు వేస్తుంది, చెట్ల వేళ్ల మీది మట్టిని అణగదొక్కుతుంది. కొనేముందు టేపు పట్టుకుని షెడ్డు తలుపు వెడల్పు, ఎత్తు కొలవండి. వెనకుండే రక్షణ చట్రం నిలబెట్టి ఉంచితే షెడ్డులోకి పోతుందా? గేటు దగ్గర తిరుగుతుందా? రిపేరుకి తీసుకెళ్లాల్సి వస్తే మీ దగ్గరున్న వాహనం, ట్రైలరు ఆ బరువు లాగగలవా? ఈ ప్రశ్నలు షోరూంలో ఎవరూ అడగరు.

హెచ్‌పీ అసలు దేనికి పనికొస్తుందంటే, పీటీవోతో తిరిగే బరువైన పనిముట్లకి. తుప్పలు కొట్టే స్లాషర్‌కి అడుగు వెడల్పుకి పీటీవో దగ్గర సుమారు 5 హెచ్‌పీ కావాలని ఒక మోటు లెక్క ఉంది. రోటవేటర్‌కి అంతకంటే కొంచెం ఎక్కువే పడుతుంది. ఇంజన్ మీద 25 అని రాసి ఉన్నా పీటీవోకి చేరేది 20 లోపే ఉండొచ్చు. అందుకే మీ బండికి 4 అడుగుల స్లాషర్ సరిపోతుంది, 6 అడుగులది పెడితే మూలుగుతుంది. మీ స్థలంలో ఇప్పుడు ప్రతి ఏడాదీ కొట్టాల్సిన దట్టమైన తుప్పలు ఎన్ని ఎకరాల్లో ఉన్నాయి? ఉత్తరం చదివితే ఏమీ లేనట్టే ఉంది.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పాలనిపిస్తోంది. ఈరోజు మనందరి ట్రాక్టర్ల వెనకా ఉండే మూడు కడ్డీల లిఫ్ట్ హ్యారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరు చలవ. దాన్ని హెన్రీ ఫోర్డ్ కంపెనీ 1939లో 9ఎన్ అనే ట్రాక్టర్ మీద పెట్టి భారీగా అమ్మింది. ఆ బండి బలం 20 హెచ్‌పీ పైచిలుకు మాత్రమే, బరువు టన్నుకి కాస్త ఎక్కువ. దాంతో కుటుంబాలు పూర్తి వ్యవసాయమే చేశాయి. నేలలోకి దిగిన నాగలి లాగుడునే వెనక చక్రాల మీద బరువుగా మార్చుకోవడం ఆ లిఫ్ట్‌లోని కీలకం. బండి తేలికైనా పట్టు దొరికేది. మీ 5 ఎకరాలకి 25 చాలదని ఎవరైనా అంటే నాకు ఆ 9ఎన్ గుర్తొస్తుంది.

ఇప్పుడు మోకాలు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే, మీరు దాన్ని చివర్లో పడేశారు.

గేర్ల బండితో లోడర్ పని చేస్తే ఒక బకెట్‌కి ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతామో లెక్కపెట్టి చూడండి. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి. ఎడమ కాలే అంతా మోస్తుంది. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ ఉన్న బండిలో ఈ గొడవ లేదు. కుడికాలి కింద పెడల్ నొక్కితే ముందుకి, ఇంకోటి నొక్కితే వెనక్కి. వదిలేస్తే ఆగుతుంది. క్లచ్ ఉన్నా పెద్దగా వాడరు. నూనె ప్రెషర్‌తో నడుస్తుంది కాబట్టి కొంత బలం అందులోనే పోతుంది. దున్నేవాళ్లు దాన్ని అందుకే ఇష్టపడరు, వాళ్ల లెక్క వాళ్లకి సరైనదే. రోజంతా ఒకే వేగంతో చాలు పట్టి నడిపేవాళ్లకి గేర్లు మేలు. చెట్ల చుట్టూ తిరుగుతూ, ఆగుతూ, వెనక్కి వస్తూ పనిచేసే ఇంటివాళ్లకి హైడ్రోస్టాటిక్కే మేలు. 59 ఏళ్ల వయసులో మీరు కొనదగ్గ మార్పు ఏదైనా ఉందంటే ఇదొక్కటే అంటాను. కొనేముందు బండి మీద అరగంట కూర్చుని పెడల్ నొక్కి చూడండి. కొన్నిటిలో పెడల్ గట్టిగా ఉండి ఎడమ మోకాలి నొప్పిని కుడి చీలమండకి మారుస్తుంది.

అదే చూపుతో ఇంకా కొన్ని గమనించండి. ఎక్కే మెట్టు ఎంత ఎత్తులో ఉంది, పట్టుకోవడానికి పిడి ఎక్కడుంది, సీటు కిందికి స్ప్రింగు ఉందా, కాళ్లు పెట్టే చోట గేర్ రాడ్లు అడ్డం రాకుండా దాటొచ్చా. గడ్డి కోసే రోజు కనీసం పది పదిహేను సార్లు దిగి ఎక్కుతాం, కొమ్మ తీయడానికో, గొట్టం జరపడానికో. ఎత్తు తక్కువగా ఉండే చిన్న బండి ఇక్కడ గెలుస్తుంది. వెనక తగిలించిన కోతయంత్రంతో మరో ఇబ్బంది, పనంతా మెడ తిప్పి చూస్తూ చేయాలి. ఇరుసుల మధ్య, పొట్ట కింద ఉండే కోతయంత్రం అయితే చూపు ముందుకే ఉంటుంది. కాకపోతే దాన్ని తగిలించడం, తీయడం కొన్ని బండ్లలో నరకం. బండిని దాని మీదుగా నడిపిస్తే చాలు తగులుకునే రకాలు కూడా ఉన్నాయి, అడిగి చూడండి.

పనిముట్లు తగిలించడం అనేది వయసు పెరిగేకొద్దీ మనసుకి కూడా బరువే. 150 కిలోల రోటవేటర్‌ని కాలితో తన్నుతూ, గునపంతో జరుపుతూ పిన్నుకి అందించడం ముప్ఫైల్లో సరదా. అరవైలో ఆ ఒక్క కారణంతోనే తోట దున్నడం వాయిదా పడుతుంది. దీనికి కొత్త బండి అక్కర్లేదు. క్విక్ హిచ్ అనే చట్రం ఉంటుంది. దాన్ని లిఫ్ట్‌కి శాశ్వతంగా తగిలించి ఉంచితే, వెనక్కి వచ్చి లేపగానే పనిముట్టు కొక్కేలకి తగులుకుంటుంది. పీటీవో షాఫ్ట్ మాత్రం దిగి చేత్తో తగిలించాలి. చట్రం వల్ల పనిముట్టు కొంచెం వెనక్కి జరుగుతుంది, షాఫ్ట్ పొడవు సరిపోతుందో లేదో చూసుకోవాలి. పనిముట్లని మట్టి మీద కాకుండా చదునైన కాంక్రీటు మీద, చక్రాల బల్లల మీద పెట్టుకుంటే సగం బాధ అక్కడే పోతుంది.

మీ ఆవిడ మాట సగం నిజం. చెరువు తవ్వడం, పెద్ద మొద్దుల వేళ్లు పెకలించడం, ఒక ఎకరం తుప్పలు తీసేయడం లాంటివి ఏ సైజు ఇంటి ట్రాక్టర్‌తోనూ చేయకండి. లోడర్ బకెట్ అంచుతో వేళ్లు పీకుతూ లోడర్ చేతులు వంచుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్స్‌కవేటర్ పిలిస్తే మీకు కొన్ని వారాలు పట్టే పని ఒక్కరోజులో అవుతుంది, మీ బండి ఆరోగ్యంగా ఉంటుంది. ఎప్పుడో ఏడాదికి ఒకసారి వచ్చే పనికి తగ్గట్టు బండి కొంటే మిగతా ఏడాదంతా ఆ సైజు మోస్తూ తిరగాలి.

కానీ మిగతా సగంతో నేను ఏకీభవించను. గడ్డి అద్దెబండి తీరిక చూసుకుని పెరగదు. దారికి అడ్డంగా చెట్టు పడిన రోజే చుట్టుపక్కల అందరి దారుల్లోనూ చెట్లు పడతాయి, ఆరోజు అద్దెకి ఎవరూ దొరకరు. ఊరికి దూరంగా ఉన్న ఇంటికి ఒక చిన్న బండి ఉండాలి. ఇంకో మాట, ఆవిడకి కూడా బండి స్టార్ట్ చేయడం, ఆపడం, లోడర్ దించడం నేర్పించండి. మీకు ఏదైనా అయితే ఇంజన్ ఎలా ఆపాలో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

వయసు గురించి మాట్లాడుతున్నప్పుడు భద్రత గురించి కూడా చెప్పేయాలి. ట్రాక్టర్ మరణాలకి అన్నిటికంటే పెద్ద కారణం బోల్తా పడడమే. మీ సీటు వెనకుండే రక్షణ చట్రం, సీటు బెల్టు కలిసి ఉంటేనే కాపాడతాయి. చట్రం ఉండి బెల్టు పెట్టుకోకపోతే బయటికి విసిరేసి ఆ చట్రం కిందే పడతారు. కొమ్మల కింద పోవడానికి చట్రం మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, పని అవగానే మళ్లీ నిలబెట్టాలి. మొద్దుని గొలుసుతో లాగేటప్పుడు గొలుసు కింద, లాగడానికే ఉండే కడ్డీకి (డ్రాబార్) మాత్రమే కట్టండి. టాప్ లింక్ (లిఫ్ట్‌లోని పై కడ్డీ) దగ్గరో, ఇరుసుకో కట్టి లాగితే మొద్దు ఎక్కడైనా తట్టుకోగానే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. అది జరగడానికి పట్టే సమయం రెండు సెకన్ల లోపే, క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. పీటీవో షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు పగిలి ఉంటే మార్చండి. నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకి 9. 35 మిల్లీమీటర్ల షాఫ్ట్ అయినా సెకనులో మీటరు గుడ్డని లోపలికి చుట్టేస్తుంది. మోకాలు బాగాలేనివాళ్లు చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక లేక తిరుగుతున్న షాఫ్ట్ మీదుగా దాటడానికి చూస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక నిర్ణయం. ఈ ఏడాది ఏమీ కొనకండి. వెనక బరువు ఏర్పాటు చేసుకోండి, క్విక్ హిచ్ పెట్టించుకోండి, సుద్దతో గోడ మీద లెక్క రాయండి. ఏడాది తర్వాత ఆ లెక్కలో ముప్పావు వంతు గడ్డి కోతే ఉంటే, ట్రాక్టర్ మార్చకుండా గడ్డికోసం వేరే చిన్న కూర్చునే కోతయంత్రం కొనండి. అది ఎత్తు తక్కువ, చాలావాటికి క్లచ్ ఉండదు, చెట్ల చుట్టూ చక్కగా తిరుగుతుంది. మీ పాత బండి లోడర్ పనికీ దారి పనికీ మాత్రమే మిగిలి ఇంకో పదేళ్లు వస్తుంది. ఒకే బండితో అన్నీ చేయాలన్న పట్టుదల స్థలం కొత్తలో బాగుంటుంది, ఇప్పుడు దాని అవసరం లేదు. వాలు ఎక్కువున్న చోట మాత్రం కూర్చునే కోతయంత్రం వద్దు.

లెక్కలో లోడర్ పని సగానికి పైగా తేలితే, అప్పుడు బండి మార్చండి. 30, 35 హెచ్‌పీల దగ్గర ఆగండి. హైడ్రోస్టాటిక్ ఉండాలి, మీ ప్రస్తుత బండి కంటే రెండు మూడు వందల కిలోలు బరువున్నా చాలు. లోడర్‌కి బకెట్ తీసి ఫోర్కులు తగిలించుకునే క్విక్ కప్లర్, ముందుకి ఒక అదనపు హైడ్రాలిక్ లైను కొనేటప్పుడే పెట్టించుకోండి. తర్వాత పెట్టించడం కుదురుతుంది కానీ పని పెరుగుతుంది. టైర్లు గడ్డి మీద తిరిగేవి కావాలా, బురదలో పట్టుండేవి కావాలా అన్నది కూడా గోడ మీది లెక్కే చెబుతుంది. కొత్త డీజిల్ బండ్లలో కొన్నిటికి పొగ మసిని కాల్చే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. రోజూ పది నిమిషాలు నడిపి ఆపేసేవాళ్లకి అది తలనొప్పి, ఎందుకంటే మసి కాలాలంటే ఇంజన్ వేడెక్కి కొంతసేపు మంచి స్పీడులో నడవాలి. మీ వాడకం అలాంటిదే అయితే ఆ ఫిల్టర్ లేని మోడల్ మీ దగ్గర దొరుకుతుందేమో అడగండి.

ఏది చేసినా, తక్కువ గంటలు నడిచే బండి తక్కువ చాకిరీతో సరిపెట్టుకోదు. గంటలు నిండకపోయినా ఏడాదికోసారి ఇంజన్ ఆయిల్ మార్చాలి. ట్యాంకు సగం ఖాళీగా నెలల తరబడి ఉంటే లోపల తేమ పట్టి డీజిల్‌లో నీళ్లు చేరతాయి, నిండుగా ఉంచండి. బ్యాటరీ దిగిపోకుండా సన్నగా చార్జ్ చేస్తూ ఉండే మెయింటెయినర్ పెట్టండి. వైర్లు ఎలుకలు కొరికాయేమో చూడకుండా స్టార్ట్ చేయకండి. ఎనిమిదేళ్ల హైడ్రాలిక్ గొట్టాల మీద పగుళ్లు కనిపిస్తే, లోడర్ లేపి ఉండగా తెగకముందే మార్చండి.

పనిముట్ల సంగతి అడిగారు. లిఫ్ట్ పిన్నులకి కేటగిరీలు ఉంటాయి. మీ బండి తరగతిలో సాధారణంగా కేటగిరీ 1, కింది పిన్ను మందం 22 మిల్లీమీటర్లు, టాప్ లింక్ పిన్ను 19. 35 హెచ్‌పీ బండికీ అదే ఉంటుంది కాబట్టి మీ మూడు పనిముట్లూ తగులుకుంటాయి. తగులుకోవడం వేరు, సరిపోవడం వేరు. కొత్త బండి వెనక చక్రాల వెడల్పు ఎక్కువైతే 4 అడుగుల రోటవేటర్ చక్రాల జాడలని దున్నలేదు, బ్లేడు అంచుల్లో టైరు గుర్తులు మిగులుతాయి. బలం పెరిగింది కాబట్టి స్లాషర్‌కి షియర్ బోల్టు (బరువు ఎక్కువైతే తానే తెగే బోల్టు) గానీ స్లిప్ క్లచ్ (అప్పుడు జారిపోయే క్లచ్) గానీ ఉందో చూసుకోండి, లేకపోతే రాయి తగిలినప్పుడు గేర్‌బాక్సే బలవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పీటీవో షాఫ్ట్ పొడవు మళ్లీ కొలవండి. బండి మారితే పీటీవోకీ పనిముట్టుకీ మధ్య దూరం మారుతుంది. షాఫ్ట్ పొడవెక్కువైతే లిఫ్ట్ లేపేటప్పుడు షాఫ్ట్‌లో ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలూ అడుగంటి పీటీవో బేరింగుని గుద్దుతాయి, పొట్టిదైతే తిరుగుతూ ఊడిపోతుంది. పనిచేసే ప్రతి ఎత్తులోనూ గొట్టాలు ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు దూరి ఉండాలి. బండి అమ్మాల్సి వస్తే లోడర్, బకెట్ దానితోనే పోనివ్వండి, అవి వేరే బండికి సరిపోవు. స్లాషర్, బ్లేడు మాత్రం ఉంచుకోండి. రోటవేటర్ చక్రాల వెడల్పుకి చాలకపోతే విడిగా అమ్మండి, అలాంటి చిన్న సైజు కోసం చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.